దొర కుర్చీ, మా అవ్వ మోకాళ్ళు

మా చర్చిలో విగ్రహం అన్నది లేదు. పటం లేదు, కొవ్వొత్తుల వరస లేదు, ప్రసంగం బల్ల వెనక మెరిసే సిలువైనా లేదు. బాప్టిస్టులం కదా, ఆ విషయంలో మాకు కాస్త పొగరు కూడా ఉంది. ఉదయగిరి కొండ కింద ఎవరి ఊరేగింపు వెళ్తున్నా మావాళ్ళు గుమ్మంలో నిలబడి, పాపం వీళ్ళకెప్పుడు తెలుస్తుందో అన్నట్టు తలలూపుతారు. ఊపేసి, లోపలికొచ్చి కుర్చీని తాకుతారు.

ఆ కుర్చీ దొరది. ఏ దొరది అంటే ఎవరూ చెప్పలేరు. ఎప్పుడో మిషనరీల కాలంలో ఒక దొర అందులో కూర్చుని మా ముత్తాతల తరానికి వాక్యం చెప్పాడట. టేకు కుర్చీ, పేము అల్లిక, వెడల్పాటి చేతులు. ప్రసంగం బల్ల పక్కనే ఉంటుంది. అందులో ఎవరూ కూర్చోరు. పరీక్షలకు వెళ్ళే పిల్లలు హాల్‌టికెట్ తెచ్చి దానికి తాకిస్తారు. కొత్త బండి కొన్నవాడు తాళంచెవి కాసేపు దాని మీద పెట్టి తీసుకుంటాడు. ఒకసారి ఒక గొర్రెల కాపరి, మా మతం కూడా కాదు, జబ్బు చేసిన గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి కుర్చీ కాలికి రుద్ది తీసుకుపోయాడు. అది బతికింది. దాంతో మా కొంప మునిగింది. కుర్చీకి ఎక్కడలేని గిరాకీ వచ్చిపడింది.

శనివారం వస్తే సంఘపెద్ద దానికి కొబ్బరినూనె రాసేవాడు. ఇతరుల విగ్రహాల గురించి అందరికంటే గట్టిగా మాట్లాడేదీ ఆయనే. నేను ఆత్మకూరులో టీచరుగా పనిచేస్తూ ఆదివారాలు బస్సెక్కి ఊరికి వస్తుంటాను. నోరు ఊరుకోక ఒకసారి అడిగాను, "పెదనాయనా, ఇది మొక్కడం కాదా?" అని.

"మొక్కేదేంది? తాకతా ఉండాం, అంతే" అన్నాడు.

"మరి తాకేటప్పుడు కళ్ళెందుకు మూసుకుంటారు?"

"నువ్వు నాలుగు అక్షరాలు ఎక్కువ చదివినావులే" అని నూనెగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు.

వీటన్నిటి మధ్య మా అవ్వ కష్టం వేరు. మా చర్చిలో అందరం చాపల మీద కూర్చుంటాం. అవ్వ మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాం. మొదటి ఆదివారమే దాని కాలు మడతపడి అవ్వ వెల్లకిలా పడింది. "నన్ను చంపినా ఇంక దాంట్లో కూచోను" అని తేల్చేసింది. వెనక గోడ దగ్గర బెంచీ ఉంది గానీ, అవ్వకు చెవుడు. అక్కడ కూర్చుంటే ఒక్క ముక్క వినపడదు. "చర్చి మానేస్తాలే, మీకెందుకీ మోతబరువు" అని ఒకరోజు తనే అనేసింది. వారం మొత్తానికి ఆమెకున్నది ఆ ఒక్క పూటే. దొర కుర్చీలో కూర్చోబెడదామా అని మా అమ్మ అడిగితే సంఘపెద్ద రెండు చెవులూ మూసుకున్నాడు.

అప్పుడే కొత్త పాస్టరుగారు వచ్చారు. వయసు తక్కువ, ఆవేశం ఎక్కువ. వచ్చీ రాగానే కొబ్బరినూనె వాసన పసిగట్టేశారు. ఆ ఆదివారం ఇత్తడి సర్పం మీద ప్రసంగం. ఎడారిలో పాములు కరుస్తుంటే దేవుడు చెప్పాడనే మోషే దాన్ని చేశాడు, దానివైపు చూసినవాళ్ళు బతికారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాతి తరాలవాళ్ళు దాన్ని భద్రంగా దాచుకుని ధూపం వేయడం మొదలుపెట్టారు. చివరికి హిజ్కియా రాజు వచ్చి, ఇది ఉత్త ఇత్తడి ముక్క అని, నెహుష్టాను అని పేరు పెట్టి పగలగొట్టించాడు. ఇదంతా చెప్పి పాస్టరుగారు, ఆరాధన కాగానే మన కుర్చీని కూడా బయటవేసి పగలగొట్టాల్సిందే అన్నారు. సంఘపెద్ద దిగ్గున లేచాడు. పాస్టరుగారు కుర్చీ వైపు చెయ్యి చాపి, "దీన్నేమనాలి? నెహుష్టాను!" అని అరిచారు.

అంతసేపటి ప్రసంగంలో అవ్వకు గట్టిగా వినపడింది ఆ ఒక్క అరుపే. పైగా పాస్టరుగారి చెయ్యి కుర్చీ వైపు ఉంది, చూపు ముందు వరసలో కూర్చున్న అవ్వ మీద పడింది. ఆమెకు అది 'నీ ఇష్టం' అని వినపడింది. అంత పెద్దామెను పట్టుకుని 'నీ' అన్నందుకు కాస్త నొచ్చుకుందట గానీ, ఇష్టం అన్నాడు కదా అని క్షమించేసింది. నా భుజం, అమ్మ భుజం పట్టుకుని లేచింది. ఇంటికి పోదామంటుంది కాబోలు అనుకున్నాం. నేరుగా వెళ్ళి దొర కుర్చీలో కూర్చుంది.

"ఓయమ్మో, లెయ్ పిన్నమ్మా!" అన్నాడు సంఘపెద్ద.

"ఎందుకు లెయ్యాల? అయ్యగోరు నీ ఇష్టం అనె గదా" అంది అవ్వ, కాళ్ళు తీరిగ్గా చాపుకుంటూ. "మెత్తగా ఉండాది. ఇన్నాళ్ళూ ఎవురికోసం దాచిపెట్టినారో! నువ్వు చెప్పయ్యా, ఇంక నాకు బాగా ఇనపడతాది."

ముందు నవ్వింది పాస్టరుగారే. తర్వాత చర్చి మొత్తం. నేను నవ్వుతూనే ఏడ్చేశాను, అవ్వ ఇంక చర్చి మానదని.

కుర్చీని పగలగొట్టే అవసరమే రాలేదు. ఒక ముసలామె నడుం వాల్చి, ప్రసంగం మధ్యలో గుర్రుపెట్టే కుర్చీకి హాల్‌టికెట్ తాకించడానికి ఎవరికీ మనసొప్పలేదు. సంఘపెద్ద నూనె సీసా ఇంటికి తీసుకుపోయాడు.

అవ్వ నిరుడు పోయింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎవరైనా అందులో కూర్చోవచ్చని పాస్టరుగారు చెప్పారు. ఎవరూ కూర్చోలేదు. ఈ మధ్య ఆత్మకూరు బస్టాండులో కాలు బెణికి, కట్టుతో చర్చికి వెళ్ళాను. అందరికంటే ముందు వెళ్ళినట్టున్నాను, లోపల పాస్టరుగారు ఒక్కరే ఉన్నారు.

"కూర్చోండి టీచరమ్మా. చెక్కే గదా" అన్నారు, కుర్చీ చూపిస్తూ.

దగ్గరికి వెళ్ళి దాని చేతి మీద చెయ్యి వేశాను. అంతే, కూర్చోలేకపోయాను. "అవ్వది గదయ్యగారూ" అన్నాను. ఇన్నేళ్ళు ఊరందరినీ ఎగతాళి చేసినదాన్ని, నా కళ్ళూ మూసుకుపోయాయి. ఇక ఇత్తడి సర్పం ప్రసంగం మొదటినుంచి వినాల్సిందే అనుకున్నాను.

ఆయన గోడకు ఆనుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు.

"నాకూ నడుం నొప్పేనమ్మా, నిలబడి ప్రసంగం చేయలేకపోతా ఉండాను" అన్నారు. "రోజూ కూర్చుందామనే వస్తాను."