పిడికెడంటే ఎవరి పిడికెడు?

మా యేసుపాదం మాస్టారికి ఒక్కటే జబ్బు. నెల మొదలవకముందే ఆ నెలంతా తినేసేవాడు, కాగితం మీద. నెలాఖరు సాయంత్రం అరుగు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, తాను, భార్య కరుణమ్మక్క, ఆరేళ్ల కూతురు, వెరసి ముగ్గురూ వచ్చే నెలలో ఎన్ని గిద్దెల బియ్యం, ఎంత చింతపండు, ఎన్ని ఎండుమిరపకాయలు తింటారో అంచనా రాసేవాడు. మిరపకాయలు ఒక్కొక్కటే లెక్కపెట్టేవాడు. గుంటూరు జిల్లాలో పుట్టి మిరపకాయలు లెక్కపెట్టిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను.

"మాస్టారూ, మరి చుట్టాలొస్తే?" అని ఓసారి అడిగాను.

"రాశానబ్బాయ్. నెలకు ఒక చుట్టం, రెండు పూటలు."

"ఇద్దరొస్తేనో?"

"రెండోవాడు మీ ఇంటికొస్తాడు. పక్కిల్లేగా."

అవి యుద్ధం రోజులు. నరసరావుపేటలో బియ్యానికి కంట్రోలు. మాస్టారు లెక్కలు చెప్పే మిషన్ బళ్లోనే నేనూ కొత్తగా చేరాను. కంట్రోలు బియ్యం రెండిళ్లకూ కలిపి తెచ్చి ఆయన అరుగు మీద పంచుకునేవాళ్లం. పదహారు గిద్దెల మానిక నింపి, బడి రూళ్లకర్రతో పైన గీసేసి, తలకొలత కొలిచేవాడు. గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఇంతటి మనిషికీ లొంగని పద్దు ఒకటుండేది. అది దేవుడి పిడికెడు. మా క్రైస్తవ సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. ఆ ఏడు వాటిని అమ్మి గుడికి ప్రహరీగోడ కడుతున్నారు.

"పిడికెడంటే ఎవరి పిడికెడే?" అని మాస్టారు భార్యను నిలదీశాడు.

"నాదే. వంట చేసేది నేనైతే పిడికెడు మీదెట్టా అవుద్ది?"

ఆవిడ మాచర్ల వైపు రైతుబిడ్డ. ఆవిడ గుప్పిట్లో ఆయన గుప్పిళ్లు రెండు పడతాయి. మాస్టారు వారంరోజులు కొలిచి చూశాడు. మామూలు రోజున పూటకు గిద్దె. మొగుడి మీద కోపమొచ్చిన రోజున గిద్దెన్నర.

"చూశావా అబ్బాయ్, మా ఇంట్లో పోట్లాట జరిగితే లాభం దేవుడికి" అన్నాడు నాతో.

ఇక నా సంగతి. నా ఉద్యోగం కాగితాలు ఎవరి బల్ల మీదో ఆగిపోయి, చేరిన దగ్గర్నుంచీ జీతం చేతికి రాలేదు. నా భార్య దయామణికి ఆరో నెల. సైకిలు అమ్ముకుని తింటున్నాం. అడిగినవాళ్లకు రిపేరుకిచ్చానని చెప్పాను. మాస్టారు సైకిలు ఊసెత్తలేదు గానీ, కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"నీకూ అంచనా రాస్తా. ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరమేగా మాస్టారూ."

"ముగ్గురు. ఆ పిల్ల ఇద్దరి తిండి తినాల. ఇంట్లో బియ్యం ఎంతున్నాయి?"

"చానా ఉన్నాయి లెండి."

"చానా అనేది కొలత కాదబ్బాయ్" అని కాగితం మడిచి లేచిపోయాడు.

మర్నాటి నుంచి మాస్టారు రెండు పూటలా వంటింట్లోకి నడిచి, దేవుడి పిడికెడు తన చేత్తో తనే తీయడం మొదలుపెట్టాడు. పూటకు సరిగ్గా అరగిద్దె. పేటంతా పాకిపోయింది. "దేవుడిక్కూడా తలకొలతేనంటమ్మా!" అని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

ఇంకో వింత కూడా జరిగింది. ఏనాడూ తప్పని ఆయన కొలత తప్పసాగింది. నెలాఖరుకు సంచితో వచ్చేవాడు.

"అబ్బాయ్, పంపకంలో పొరపాటు జరిగింది. నీకు రెండు మానికలు తక్కువొచ్చాయి."

మొదటి నెల సంతోషించాను. రెండో నెల విసుక్కున్నాను. మూడో నెల దులిపేశాను.

"లెక్కల మాస్టారై ఉండి ఇదేంది మాస్టారూ? కాస్త చూసి కొలవకూడదా?"

"వయసు మీద పడుతోందిరా" అన్నాడు తలొంచుకుని. ఆయనకు ముప్పయ్యెనిమిదేళ్లు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం పెద్ద చిన్నప్ప లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, మీ ఇంటి పిడికెడు సగానికి పడిపోయిందేంది? మూణ్ణెల్లయింది."

"నా గుప్పిడి అంతేనయ్యా" అని మాస్టారు చెయ్యి మూసి చూపించాడు.

గుడంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఊరుకున్నానా? "అయితే గోడ కూడా మాస్టారి గుప్పిడంతే కట్టండి, సరిపోద్ది!" అని పైగా ఒక జోకు.

గుమ్మం దాటకముందే కరుణమ్మక్క నా రెక్క పట్టుకుంది.

"ఏందిరా ఆ నవ్వు? దేవుడికి తగ్గిన సగం యాడుందో తెలుసా? నీ కంచంలో ఉంది. నెలనెలా కొలత తప్పేదానికి ఆయనెవరనుకున్నావురా?"

సిగ్గుతో చచ్చిపోయాను. తిన్నగా మాస్టారింటికి పోయి అరుగు మీద కూలబడ్డాను. ఆయన కాసేపు బుకాయించి, చివరికి అంచనా కాగితం తీసి చూపించాడు. అడుగున ఒక పద్దు ఉంది. "దేవుడి దగ్గర చేబదులు: ఆరు మానికలు."

"ఊరికే ఇస్తే నువ్వు పుచ్చుకోవు. మా ముగ్గురి తిండిలో తగ్గిద్దామంటే మేం అప్పటికే మిరపకాయలు లెక్కపెట్టి తింటున్నాం. వెతగ్గా వెతగ్గా మా ఇంటి లెక్కలో కడుపు నిండినవాడు ఒక్కడే కనపడ్డాడు" అని వేలు పైకి చూపించాడు.

"తప్పు కాదా మాస్టారూ?"

"అడిగే తీసుకున్నా. వద్దన్లేదు."

నెల తిరక్కముందే దయామణికి ఆడపిల్ల పుట్టింది, ఆ వారానికే నా జీతం మొత్తం వచ్చింది. ఆ సాయంత్రమే బియ్యం మోసుకెళ్లి ఆయన అరుగు మీద దించాను.

"మాస్టారూ, పంపకంలో పొరపాటు జరిగింది. మీకు ఆరు మానికలు తక్కువొచ్చాయి."

ఆయన రూళ్లకర్ర తెచ్చి ఆరు మానికలూ తలకొలత కొలిచాడు. పైన మిగిలిన గింజలు ఊడ్చి నా సంచిలోనే పోశాడు. కరుణమ్మక్క ఆ ఆరు మానికలూ దేవుడి కుండలోకి వొంపింది. మాస్టారు చేబదులు పద్దు కొట్టేసి, కింద కొత్త నెల అంచనా రాయసాగాడు. మెడ చాచి చూశాను.

"పిడికెడు: ఇకమీదట కరుణమ్మది. పోట్లాటలు: నెలకు నాలుగు."

"పోట్లాటలకు కూడా అంచనా ఏంది మాస్టారూ?"

"మరి దేవుడికి వడ్డీ ఎట్టా కట్టాలిరా?" అని, మొదటి పోట్లాట మొదలుపెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు.