చేమంతి మడికి మిల్లు పొట్టు

పెళ్ళయి కలకత్తా దగ్గరి బడ్జ్ బడ్జ్ వచ్చిన మొదటి రోజే ముక్కు చిట్లించి నవ్వులపాలయ్యాను. మా మామగారు జూట్ మిల్లులో పనివాడు. మిల్లు లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, ఒక గది. నాకిచ్చిన తలగడ నిండా మిల్లులో ఊడ్చి తెచ్చిన నారపొట్టే. నార మెత్తబడాలని అక్కడ దానికి నూనె పట్టిస్తారు. ఆ నూనె వాసన తలగడలోంచి, దుప్పట్లోంచి, నమ్మండి, పెరుగన్నంలోంచి కూడా వచ్చేది. "ఏదో వాసనేస్తోంది" అన్నాను. ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు.

"ఓలమ్మ! ఎండుసేపల మజ్జిన పుట్టిన గుంటకి మా తలగడ కంపొచ్చీసిందేటి!" అంది మా అత్త.

ఆ ఇంట్లో పొట్టు లేకుండా పని జరగదు. పొయ్యి రాజెయ్యడానికి అదే, మేక కింద పరవడానికి అదే, గిన్నెలు తోమడానికీ అదే. పాతికేళ్ళు దాంట్లో బతికినవాళ్ళకి వాసనేం తెలుస్తుంది? నాకు తెలిసేది. తెలియనట్టు ఉండడం మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను.

మిల్లు గేటు దగ్గర రోజూ ఎర్రజెండాల మీటింగులు జరిగే కాలం. మగవాళ్ళు షిఫ్టులకి పోగానే అత్తా నేనూ నదిగట్టు వెంట నడిచి, ఊరు దాటాక ఉన్న ఒక తోటింటికి వెళ్ళేవాళ్ళం. అక్కడ పూలమడుల పని అత్తది. ఆ ఇంట్లో ఒంటరిగా ఒక బెంగాలీ పెద్దావిడ ఉండేది. అత్త ఆవిణ్ణి మాషీమా, అంటే పిన్నీ, అనేది. ఆవిడ నన్ను బౌమా, అంటే కోడలా, అని పిలిచేది. సొంతవాళ్ళకంటే మెత్తగా పిలిచేది, అందులో అబద్ధం లేదు.

తోటలో బంతి, డాలియా, గులాబీ అన్నీ ఉన్నా, ఆవిడ ప్రాణమంతా నూతి పక్కనున్న తెల్లచేమంతి మడి మీదే. ఆవిడ భర్త స్వయంగా నాటినవి. పౌషంలో, అంటే మన పుష్యమాసంలో, ఆయన పోయిన రోజున ఆ పువ్వులే దండ కట్టి ఫొటోకి వేసేది. ఇంకే పువ్వూ ముట్టేది కాదు. ఆ చేమంతికి గింజ పనికిరాదు. పువ్వులయిపోయాక మొక్కని జానెడెత్తుకి కోసేస్తే మొదట్లోంచి పిలకలు వస్తాయి. ఎండాకాలమంతా ఆ పిలకలని కాపాడుకుని, వానల్లో వాటి కొనలు తుంచి నాటుకోవాలి. ఒక్క వేసవి పిలకలు చచ్చాయంటే ఇక ఆ చేమంతి లేనట్టే. ఆయన చేతి మొక్క ఇంకెక్కడా దొరకదు.

అందుకే అత్త చైత్రం రాగానే మొదళ్ళ చుట్టూ వరిగడ్డి దట్టంగా కప్పేది. మట్టి చల్లగా ఉంటుంది, నీళ్ళు ఆవిరైపోవు. వానలు రాగానే తీసేసేది, లేకపోతే కుళ్ళుతుంది. ఏళ్ళ తరబడి అలా ఒక్క పిలక పోకుండా చూసుకుంది. ఆ పనిలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. ఆ మాట ఆవిడే చెప్పుకునేది కూడా.

ఆ యేడు అకాలవర్షానికి ఊళ్ళో గడ్డివాములు నానిపోయి బూజు పట్టాయి. కాస్త మంచి గడ్డి ఉంటే ఆవులకే చాలదు. అత్త రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు మామగారి చేత రెండు గోనెసంచుల నిండా మిల్లు పొట్టు తెప్పించింది.

"గడ్డికన్నా మెత్తగుంటాది. మేక పడుకుంటే మొక్క పడుకోదేటి?" అంది.

సంచి మూతి విప్పగానే నూనె కంపు గుప్పుమంది. మొక్కకి నూనెంటే మంచిదా అనిపించింది. మా ఊళ్ళో మా అమ్మ జీడితోపులో రాలిన ఆకులు తెచ్చి కప్పేది తప్ప ఇలాంటివి కప్పగా చూడలేదు. నోటిదాకా వచ్చింది. తలగడ గుర్తొచ్చింది. మళ్ళీ నవ్వుతారు. నోరు మూసుకుని అత్తతోపాటు రెండు చేతులా పొట్టు పరిచాను.

నేను చేసిన ఇంకో పని చెప్పాలి. మధ్యాహ్నం మేం నూతిగట్టు మీద కూర్చుని అన్నం తినేవాళ్ళం. మడి చివర రెండు దుబ్బులు సరిగ్గా నా కాళ్ళ దగ్గరే ఉండేవి. ఆ కంపులో ముద్ద దిగేది కాదు. అత్త చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆ రెండు దుబ్బుల పొట్టు తీసి అవతల పారేసి, పనసచెట్టు కింద రాలిన ఎండుటాకులు వాటికి కప్పేశాను. మొక్కల మీద ప్రేమతో కాదు, అన్నం సయించక.

అత్త రోజూ రెండు పూటలా నీళ్ళు పోసింది. ఇరవై రోజులు తిరక్కుండానే పిలకలు తలలు వాల్చాయి. ఎండ ఎక్కువైందని ఇంకో బిందె పోసింది. అప్పటికీ తేరుకోలేదు. ఒక ఉదయం మాషీమా కర్ర పొడుచుకుంటూ వచ్చి, వంగి, గుప్పెడు పొట్టు తీసి వాసన చూసింది.

"తేల్!" అంది. నూనె.

అత్త పొట్టు పాయ తీసి చూసింది. పోసిన నీళ్ళన్నీ ఆ జిడ్డు మీంచి కాలవలోకి జారిపోయాయి. అడుగున మట్టి పిండిలా ఉంది. పిలకలు నల్లబడి వేలితో ముట్టుకుంటే రాలిపోతున్నాయి. అత్త ఒక్కో దుబ్బూ విప్పుకుంటూ పోయింది. అన్నీ అంతే. మాషీమా రాలిన పిలకలని ఏరి కొంగులో వేసుకుంది. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చివరికి నూతి దగ్గర ఆ రెండు దుబ్బులు వచ్చాయి. పనసాకుల కింద పచ్చగా ఏడెనిమిది పిలకలు. మాషీమా అక్కడే కూలబడి నా గడ్డం పట్టుకుని, "బౌమా, నువ్వే కదూ?" అని ఏడ్చింది. నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుణ్ణనిపించింది. నన్ను మెచ్చుకుంటోంది. మడంతా చస్తుంటే అన్నం కంచం మాత్రం చూసుకున్న మనిషిని.

ఇంటికి పోతూ నదిగట్టు మీద అత్త ఆగింది.

"నీకు కంపొచ్చింది గదా?"

"వచ్చిందత్తా."

"మరేటి సెప్పనేదు?"

"మొదటి రోజు చెబితే నవ్వారు కదా."

కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. మర్నాడు నా తలగడలో పొట్టు తీసేసి పాతచీరలు కుక్కి కుట్టింది.

ఆ పౌషానికి పూసినవి దండకి చాల్లేదు. మాషీమా ఒక చిన్న పళ్ళెంలో పెట్టి ఫొటో ముందు ఉంచింది. మరుసటి ఏటికి సగం మడి, ఆ పై ఏటికి మడంతా నిండింది. అత్త మాత్రం అప్పట్నుంచీ మొక్కకి ఏం వేసినా, పేడైనా, ఆకైనా, ముందు నా ముక్కు దగ్గర పెట్టేది. "సూడే" అనేది. నేను తలూపితేనే మడిలో పడేది.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. ఒక చైత్రంలో మా గది పక్కన, మేకని కట్టే చోట, నిలవచేసిన వరిగడ్డి మోసుకొచ్చాం. అత్త మామూలుగా గుప్పెడు తీసి నా ముక్కు ముందుకి చాపింది. చూశాను. మళ్ళీ చూశాను.

"ఏమీ లేదత్తా. గడ్డి వాసనే."

అత్త దాన్ని విదిలించింది. మధ్యలోంచి నల్లటి నారపొట్టు ఉండలు రాలాయి. చేత్తో నలిపితే జిడ్డు. నేను వాటిని ముక్కుకి ఆనించి పీల్చాను. నాకేమీ తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది.

అత్త నా ముఖంలోకి చూసింది. చేతులు చెంగుకి తుడుచుకుని, వారం క్రితమే ఊరినుంచి కాపురానికొచ్చిన నా తోటికోడల్ని కేకేసింది. ఆ పిల్ల తల దించుకుని, ముక్కు బిగబట్టుకుని, నూతికి అవతలి పక్కనే నిలబడి ఉంది.

"ఓ పిల్లా, ఇలగ రా. ఈ గడ్డోపాలి వాసన సూడు. ఏటొచ్చినా సెప్పు, నవ్వంలే."