గడియ పెట్టిన గదిలో ఫోటో

హెన్రీ మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలికగా ఉంటుంది, ఎందుకంటే ఇక చెప్పబోయేది ఆయనకు అంత గొప్పగా ఉండదు. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో, మా ఇంటి వరసలోనే ఆయన ఫోటో స్టూడియో. బడిలో పాఠాలు చెప్పడం మానేశాక సాయంత్రాలు నేను కూర్చునేది అక్కడే. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ముసలివాళ్ళ కాలరు తనే సర్దుతాడు, తల తనే దువ్వుతాడు. చర్చిలో ఎవరు పోయినా సమాధుల తోట దాకా నడిచి వెళ్తాడు. ఇలాంటివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్ళు తప్పు చేస్తుంటే అది తప్పని వాళ్ళకీ తోచదు, పక్కన కూర్చున్న నాలాంటివాడికీ తోచదు.

కుర్రతనంలో ఆయన సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక స్టూడియోలో పనికి కుదిరాడు. అది ఫిల్మ్ రీళ్ళ కాలం. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద, తప్పిపోయిన పసిపిల్లను గుండెల మీద పడుకోబెట్టుకుని తనూ నిద్రపోయిన కూలీ ఒకడు కనిపిస్తే ఫోటో తీశాడు. అది పత్రికలో పడింది. కింద మాత్రం స్టూడియో యజమాని పేరు వేశారు. ఆ పత్రిక పట్టుకుని హెన్రీ నేరుగా మా ఇంటికొచ్చి, వరండాలో గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తను దుకాణం పెడితే ఎవరి కష్టం మీదా తన పేరు వేసుకోనని బైబిలు మీద చేయి వేసినంత గట్టిగా అన్నాడు. నేను నమ్మాను. ఆయనా నమ్మాడు.

తర్వాత దుకాణం వచ్చింది, పెళ్ళిళ్ళు వచ్చాయి. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లోనూ పెళ్ళికూతురికి నలుగు పెడతారు. ఆ గదిలోకి మగ పురుగును కూడా రానివ్వరు. కెమెరా పట్టుకున్నంత మాత్రాన హెన్రీకి మినహాయింపు లేదు. గుమ్మం దగ్గర పెద్దామె ఎవరో ఒకరు ఆపేసేవారు. అందుకని యాప్రాల్‌లో నర్సరీ బడి టీచరుగా చేస్తున్న ప్రేమమణికి తనే కెమెరా నేర్పి తెచ్చుకున్నాడు. ఆడవాళ్ళ వైపు ఆమె, మగవాళ్ళ వైపు తను, చర్చిలో ఇద్దరూ. పెళ్ళయ్యాక ఇద్దరి కెమెరా కార్డుల్లోని ఫోటోలూ పెళ్ళికూతురి పేరు పెట్టిన ఒకే ఫోల్డరులోకి పోసేస్తారు. ఏది ఎవరిదో ఎవరూ చూడరు. ఆల్బం అట్ట మీద బంగారు రంగు అక్షరాల్లో స్టూడియో పేరు ఉంటుంది, స్టూడియో పేరు హెన్రీ. ఈ దందాలో అందరూ చేసేది అదే కాబట్టి ఏళ్ళకేళ్ళు అలా నడిచిపోయింది.

పోయిన ఏడాది ఒక ప్రచురణ సంస్థవాళ్ళు నగరంలోని పెళ్ళి ఆచారాల మీద పుస్తకం వేస్తూ, ముఖచిత్రానికి హెన్రీ ఆల్బంలోని ఫోటో ఒకటి కోరుకున్నారు. చాలా మంచి ఫోటో అది. బ్యూలమ్మ అని, మా చర్చిలో అందరికంటే పెద్దావిడ, మనవరాలికి నలుగు పెడుతూ మధ్యలో ఏడుపొచ్చి, పసుపు చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ముసలి ముఖమంతా పసుపు. ఎదురుగా పీట మీద పిల్ల పడీ పడీ నవ్వుతోంది. ఫోటో తీసినవారి పేరు ఏమని వేయాలని వాళ్ళు ఫోన్‌లో అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. హెన్రీ అని వేయమని చెప్పాడు. అది అబద్ధం చెప్పేవాడి గొంతులా లేదు, పేరు అడిగితే పేరు చెప్పినట్టే చెప్పాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం దాన్ని చేతిలోనే అటూ ఇటూ తిప్పాడు. అది తను తీసింది కాదని అప్పుడే గుర్తొచ్చిందట. మళ్ళీ ఫోన్ చేసి చెప్పడానికి చేయి రాలేదట. ఆ సంగతి నాకు తర్వాత చెప్పాడు.

పుస్తకం ఆవిష్కరణ ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక హాల్లో పెట్టారు. అదే రోజు యాప్రాల్‌లో ఒక చిన్న ఫంక్షన్ ఉంటే, నీ ఇంటి పక్కనే కదా అని ప్రేమమణిని దానికి పంపాడు. పంపడానికి వేరేవాళ్ళు లేక కాదు. హాల్లో హెన్రీకి శాలువా కప్పారు. అట్ట మీది మనిషి కాబట్టి బ్యూలమ్మను కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమెకు చెవుడు. తను మెల్లగా మాట్లాడుతున్నాననుకుని మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. హెన్రీ శాలువాతో వచ్చి పక్కన కూర్చోగానే ఆమె పుస్తకం తెరిచి, పేరున్న చోట వేలు పెట్టింది.

"ఏందయ్యా హెన్రీ, ఇది నువ్వెట్ల దించినవ్? లోపట గడియ పెట్టింది నేనే గద. నువ్వు బయట మా అల్లుని పక్కకు కూసొని చాయ్ తాగుతుంటివి."

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దావిడ సరదాగా ఆటపట్టిస్తోందనుకున్నారు. హెన్రీ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ఆయన పక్కన కూర్చోబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి మనిషి సరిగా తినలేదు. శాలువాను ఇంట్లోకి తీసుకుపోకుండా స్టూడియోలో లైట్ల స్టాండు వెనక కుక్కాడు. ప్రచురణ సంస్థకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. పుస్తకాలు అచ్చయి కొట్లకు వెళ్ళిపోయాయని, మళ్ళీ అచ్చు వేస్తే మారుస్తామని అన్నారు. వాళ్ళకు చెప్పగలిగాడు గానీ ప్రేమమణికి చెప్పలేకపోయాడు. దానికి బదులు మర్యాదలు మొదలుపెట్టాడు. ఆమె వస్తే లేచి నిలబడటం, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి పదే పదే అడగటం, బరువని ఆమె కెమెరా బ్యాగు తను మోయటం. ఆమె వింతగా చూసేది. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో పట్టని మోకాళ్ళ నొప్పులు ఇప్పుడెందుకు, చెప్పాల్సిన మాట చెప్పి ఊరుకో అని కసిరాను.

మర్నాడు సాయంత్రం ప్రేమమణి కెమెరా కార్డు ఇవ్వడానికి వచ్చింది. నేను లేచి వెళ్ళబోతుంటే హెన్రీ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆమె ముఖం చూడకుండా, కౌంటరు అద్దం వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ పుస్తకం మీద నా పేరు పడ్డది, ప్రేమమణి. ఫోటో నీది. ఫోన్‌ల అడిగితే నా పేరు చెప్పిన. తప్పైంది."

"చూసిన సార్," అంది ఆమె. "మా స్కూల్‌ల ఎవరో తెచ్చిన్రు."

మళ్ళీ అచ్చు వేస్తే నీ పేరే వస్తుందని ఆయన గబగబా చెప్పాడు. బరువు దిగిపోతుందని ఆశపడినట్టుంది. ఆమె కోపంగా లేదు. కోప్పడి ఉంటే హెన్రీ బతికిపోయేవాడు.

"అది నాదని చూసిన ప్రతి ఆడామెకు ఎర్కనే సార్. ఆ రూంలకు మొగోళ్ళు రారు గద. మీరు నా పక్కకు నిలవడ్డ కాడ నేను దించినయి శాన ఉన్నయి. వాటి సంగతేంది?"

హెన్రీ కంప్యూటరు తిప్పి, పాత పెళ్ళిళ్ళ ఫోల్డర్లు తెరిచి, ఏవి నీవో చెప్పు, రాసుకుంటానన్నాడు. ముందు తనవి తనే ఏరబోయాడు. ఒకటి తనది అన్నాడు, కాసేపాగి కాదేమో అన్నాడు. ఇంకొకదాన్ని పెద్దది చేసి చూసి, మళ్ళీ మూసేశాడు. బాగా వచ్చినవన్నీ తనవే అనిపిస్తున్నాయని, తన కంటికి తనకే సిగ్గుగా ఉందని నాతో పైకే అన్నాడు. ప్రేమమణి తొందరపెట్టలేదు, సాయమూ చేయలేదు.

చివరికి ఆయన వెనక గోడ మీదున్న పెద్ద ఫ్రేము చూపించాడు. చర్చి మెట్ల మీద కొత్త దంపతులు, హఠాత్తుగా కురిసిన వాన, పెళ్ళికూతురి తండ్రి తన కోటు విప్పి వాళ్ళిద్దరి తలల మీద గొడుగులా పట్టుకుని తను తడిసి ముద్దవుతున్నాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకూ, వానలోకి ఉరికి ఆ ఫోటో ఎలా పట్టాడో హెన్రీ చెప్తాడు. నేనూ ఎన్నోసార్లు విన్నాను. ఇదొక్కటైతే అనుమానం లేదు, ఇది నాది అని, ఆమెకు చూపించడానికి అసలు ఫోటో వెతికి తెరిచాడు.

తెర మీద వచ్చిన ఫోటో గోడ మీదిదానికంటే వెడల్పుగా ఉంది. మెట్లకు ఎడమ పక్కన, అంచులో, ఇంకో మనిషి ఉన్నాడు. కెమెరా తడవకుండా చొక్కాలోకి తోసుకుని, దాన్ని రెండు చేతులతో కడుపుకి హత్తుకుని, స్తంభం చాటుకు పరిగెడుతున్నాడు. అది హెన్రీ.

ఫ్రేము కట్టించేటప్పుడు ఆ అంచును కోసేసింది ఆయనే. అది ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది. ప్రేమమణి కెమెరాకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని వానలోనే నిలబడిన సంగతీ గుర్తొచ్చింది. ఎప్పుడో కోసేసి, ఆ తర్వాత మరిచిపోయి, ఇన్నేళ్ళూ ఆ కథ చెప్పుకున్నాడు. హెన్రీ స్టూలు వేసుకుని ఫ్రేము దించబోయాడు.

"తియ్యకుండ్రి సార్," అంది ప్రేమమణి. "పూరా ఫోటో పెట్టుండ్రి. అండ్ల మీరు గూడ ఉంటరు."

ఇప్పుడు ఆ గోడ మీద ఉన్నది పూర్తి ఫోటో. కింద ఆమె పేరు ఇంటిపేరుతో సహా రాసి ఉంది. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన పిల్లలు, కడుపు పట్టుకుని పరిగెత్తే ఆ అంకుల్ ఎవరని అడిగి నవ్వుతారు. నేనే అంటాడు హెన్రీ, వాళ్ళ కాలరు సర్దుతూ. తీసింది ఎవరో కూడా చెప్తాడు. కొత్త ఆల్బంలలో ఇద్దరి పేర్లూ వేస్తున్నాడు. కానీ పాతవన్నీ జనం ఇళ్ళల్లో, బీరువాల్లో ఉన్నాయి. పెళ్ళిరోజు వచ్చినప్పుడు తీసి చూసుకుని, హెన్రీ ఎంత బాగా తీశాడో అనుకుంటారు. ఆదివారం చర్చి బయట ఆపి ఆ మాట ఆయనతోనే అంటారు. అది నేను తీసింది కాదేమో అని ఆయన అంటే, వినయం అనుకుని ఇంకా మెచ్చుకుంటారు.