వెండి రూపాయిని అంచు నుంచి చూసిన పిన్నిగారు

మా పక్కింటి పిన్నిగారు పోయిన నెలలో వెళ్లిపోయారు. ఉదయం కాఫీ తాగి, పాలల్లో నీళ్ల గురించి పాలబ్బాయితో రోజూలాగే దెబ్బలాడి, గదిలోకి వెళ్లి పడుకున్నారట. మళ్లీ లేవలేదు. ఎనభై దాటిన మనిషి. కబురు చెప్పడానికి వచ్చిన వాళ్లబ్బాయి కళ్లు తుడుచుకుంటూనే, "ఆ పాలబ్బాయి ఇంకా గుమ్మంలోనే నిలబడ్డాడండి. తనవల్లే పోయారేమోనని హడలిపోతున్నాడు" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ ఉన్న చోట ఎప్పుడూ అంతే.

పెద్దాపురంలో మా వీధికి కొత్తవాళ్లు వచ్చి, జేబురుమాలు మూట పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారంటే, ఆవిడ ఇంటికోసమే అని మాకు తెలిసిపోయేది. ఆ మూటలో పాత వెండి నాణేలుండేవి. అవి అసలువా, దొంగవా తేల్చి చెప్పడం ఆవిడ సరదా. ఆవిడ భర్త వెండిపని చేసేవారు. ఆయనకు చూపు మందగించాక పక్కన కూర్చుని, కంటికి కనపడిందంతా ఆయనకు చెబుతూ ఉండేవారట. అలా చెప్పీ చెప్పీ విద్య ఆవిడకే వచ్చేసింది.

పాత రూపాయి చేతికివ్వగానే మనమంతా దాని మీదున్న రాణిగారి ముఖం చూస్తాం. పిన్నిగారు ముందు అంచు చూసేవారు. అంచు చుట్టూ నిలువుగా ఉండే సన్నటి గాట్లను గోటితో నెమ్మదిగా తడిమేవారు. కరిగించి అచ్చులో పోసిన దొంగ నాణేనికి అంచు వెంబడి అతుకు గీత మిగులుతుంది. దాన్ని ఆకురాయితో రుద్దేస్తే గాట్లు చెదిరిపోతాయి. "ముఖం ఎవడైనా పోస్తాడమ్మాయ్, అంచు దగ్గరే దొరికిపోతాడు" అనేవారు. అంచు తర్వాత అక్షరాల మొనలు, ఆ తర్వాత త్రాసులో తన దగ్గరున్న మంచి రూపాయితో తూకం. రాతి మీద వేసి మోత వినడం అన్నిటికన్నా ఆఖరున.

శ్రావణ శుక్రవారం కలశంలో వేయడానికని చింతపండు పెట్టి తళతళా తోమిన రూపాయిలు తెస్తే మాత్రం ఆవిడకు మండిపోయేది. గుంటల్లో పేరుకున్న నలుపే నాణెం వయసు చెబుతుందని ఆవిడ బాధ. "ముసలాళ్లకి ఫేషియల్ చేయిస్తారేంటండీ?" అనేవారు. ఫోన్లో ఫోటోలు చూపించేవాళ్లకీ అక్షింతలు తప్పేవి కావు. "ఫోటోకి అంచుంటుందా? మనిషొచ్చి నాణెం చూపించాలి."

మరిడమ్మ జాతర రోజుల్లో ఏటా ఎవరో ఒకరు, పునాది తవ్వుతుంటే దొరికాయంటూ నాణేలు అమ్మజూపేవారు. ఒకసారి ఒకాయన ఏకంగా ఆవిడ అరుగు మీదికే వచ్చాడు. ఆవిడ మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, అతని నాణేలు మూడూ వరసగా పేర్చారు.

"ఇందాక వచ్చినాయన కూడా పునాదిలోనే దొరికాయన్నాడు బాబూ. అంత పెద్ద ఇల్లు ఎవరు కట్టుకుంటున్నారు?" అని అడిగారు. అతను మజ్జిగ గటగటా తాగేశాడు. "పోనీ ఇది చెప్పు. ముగ్గురు రాణులకీ ఎడం చెంప మీద ఒకే చోట గంటు పడిందేంటి? ముగ్గురూ ఒకే గుమ్మానికి కొట్టుకున్నారా?"

ఒకే నాణెం నుంచి అచ్చు తీసి పోస్తే దాని గంటు కూడా అన్నిటికీ వస్తుందని నాకు ఆరోజే తెలిసింది. అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టకుండానే వీధి మలుపు తిరిగాడు. ఆ గ్లాసు కోసం పిన్నిగారు వారం రోజులు తిట్టుకున్నారు.

ఇవన్నీ చూసి నాకూ వచ్చేసిందనుకున్నాను. అక్కడే కొంప మునిగింది.

మా పాప బారసాలనాడు అత్తయ్యగారు పాప పిడికిట్లో ఒక వెండి రూపాయి పెట్టారు. వాళ్లమ్మగారు ఆవిడకిచ్చినది. భోజనాలయ్యాక ఆడపడుచులందరూ చుట్టూ ఉన్నారు. "నువ్వేదో నేర్చుకుంటున్నావటగా, చెప్పు చూద్దాం" అన్నారు. నేను గొప్పగా ఆ రూపాయిని గచ్చు మీద వేశాను. ఖంగుమనాల్సింది టక్కుమంది. "అయ్యో, ఇది దొంగదండీ" అని నవ్వాను కూడా. అత్తయ్యగారు వంగి రూపాయి తీసుకుని కొంగున ముడేసుకున్నారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. చెప్పాల్సిందంతా పాపకు చెప్పేవారు. "అన్నం చల్లారిపోతోందని మీ అమ్మకి చెప్పమ్మా" అనేవారు. నెల కూడా నిండని పిల్ల ఏం చెబుతుంది! మాట్లాడకపోయినా భరించేదాన్ని. కానీ మధ్యాహ్నాలు ఆవిడ ఒక్కరే కూర్చుని ఆ రూపాయిని తిప్పితిప్పి చూసుకోవడం నా కంటపడింది. తల్లి తనకు దొంగ రూపాయి ఇచ్చిందా అన్న అనుమానం ఆవిడ మనసులో పెట్టినదాన్ని నేనే.

పిన్నిగారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. "అంచు చూశావా?" అని అడిగారు. లేదన్నాను. "తూచావా?" లేదన్నాను. వెంటనే త్రాసు సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చేశారు.

"వదినగారూ, ఆ రూపాయి ఓసారి ఇవ్వరూ?"

అత్తయ్యగారు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. పిన్నిగారు కిటికీ దగ్గరికి వెళ్లి అంచు తడుముతూ తడుముతూ ఒకచోట ఆగిపోయారు. అక్కడ పెసరగింజంత మేర గాట్లు లేవు. దాని పక్కనే వెంట్రుకంత చీలిక ఉంది. తూకం వేస్తే అరుగుదల పోను సరిపోయింది.

"దీన్ని ఎప్పుడైనా దండలో గుచ్చారాండీ?"

"మా అమ్మ మెళ్లో రూపాయిల దండలోదండి" అన్నారు అత్తయ్యగారు. "దండ విప్పేసి మా అక్కచెల్లెళ్లకి తలో రూపాయీ ఇచ్చింది. రింగు పీకించి మరీ ఇచ్చింది."

"అదీ సంగతి. టంకం పెట్టి రింగు అతికించి, మళ్లీ పీకితే ఇలాగే చీలుతుంది. చీలిన గంట ఏం మోగుతుందండీ? వెండి మాత్రం మేలిమి వెండి. మీ అమ్మగారు బంగారంలాంటి మనిషి." నాకేసి చూసి మళ్లీ అన్నారు. "కోడల్ని ఏమీ అనకండి. సగం పాఠం చెప్పి వదిలేసింది నేను."

తప్పు ఆవిడది కాదని మా ముగ్గురికీ తెలుసు. అత్తయ్యగారు రూపాయిని రెండు కళ్లకూ అద్దుకున్నారు. పాపను మధ్యలోకి లాగకుండా, "ఇంకో చెంచా పంచదారేసి పిన్నిగారికి కాఫీ పట్రా" అన్నారు నాతో. ఆ కాఫీ కలుపుతూ వంటింట్లో ఏడ్చాను.

పిన్నిగారి పెద్దకర్మ అయిన నాలుగో రోజున సామర్లకోట నుంచి ఒకాయన వచ్చి, తాళం వేసిన ఆ ఇంటిముందు రుమాలు మూటతో నిలబడ్డాడు. పిన్నిగారు లేరని చెప్పి పంపించేద్దామని నేను వీధిలోకి వచ్చేలోపే, మా అరుగు మీద నుంచి అత్తయ్యగారు కేకేశారు.

"ఆవిడ లేరండి. రండి, మా కోడలు చూసి చెబుతుంది."

"నావల్ల కాదు అత్తయ్యగారూ" అన్నాను, ఆయనకు వినపడకుండా.

"ఎందుకవదు? ఓసారి తప్పావుగా, ఇంక తప్పవులే" అని ఆవిడే కిటికీ పక్కన కుర్చీ వేశారు.

ఆయన మూట విప్పాడు. నేను రూపాయి తీసుకుని అంచును వెలుతురుకేసి తిప్పాను. మోత వినడానికి అడ్డమవుతుందని అత్తయ్యగారు లేచి ఫ్యాను కట్టేశారు. ఆ ఉక్కలో, పైటకొంగుతో విసురుకుంటూ, నా వేళ్లకేసే చూస్తూ కూర్చున్నారు.