చింపని కవరూ, హష్మత్ భాయ్ జబ్బూ

హష్మత్ భాయ్‌కి ఒకటే బలహీనత. చింపని కవరు కనబడితే ఆగలేడు. అది పరాయివాళ్లదన్న పట్టింపు లేదు. జర్మనీలోని ఎర్లాంగెన్ ఊరి తెలుగువాళ్లలో ఎవరి ఉత్తరమైనా ఆయన చేతిలో పడలేదంటే, అది ఇంకా పోస్టాఫీసు దాటలేదన్నమాట.

"ఇంకొకరి ఉత్తరాలు చదవడం ఈ దేశంలో నేరం భాయ్!" అని గిరిజ మొత్తుకునేది.

"నేరం కాదు చెల్లె, జబ్బు. డాక్టర్లు చేతులెత్తేసిన్రు," అనేవాడు తాపీగా. అప్పటికే చూపుడువేలు కవరు అంచులో దూరిపోయి ఉండేది.

అలాంటి మనిషితో కలిసి గిరిజ ఎన్నికల్లో నిలబడింది. ఊళ్లోని విదేశీయుల తరఫున మున్సిపాలిటీకి సలహాలు చెప్పే మండలికి ఆ ఎన్నికలు. గిరిజది కాకినాడ. ఉప్మా చేయాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరిచే రకం. ఇంటికి ఏడు నిమిషాలు, సాయంత్రానికి ఇరవై ఇళ్లు అని ప్లాను వేసింది.

మొదటిరోజు సాయంత్రానికి ఒక ఇల్లు అయింది.

ఆ ఇంట్లో శ్రీవల్లి అనే ఎమ్మెస్ విద్యార్థిని తలుపు తీసింది. "నమస్తే అమ్మా, మేం ఎన్నికల్లో..." అని గిరిజ అనేలోగా హష్మత్ భాయ్ చెప్పుల స్టాండు ముందు గొంతుక్కూర్చున్నాడు. దానిమీద పదకొండు కవర్లు.

"అబ్బబ్బ, పసుపు కవరు గూడ ఉన్నది! పసుపంటే ఆఫీసోళ్లకు కోపమొచ్చినట్టు. ఛాయ్ పెట్టమ్మా, టైం పడ్తది."

ఇక క్రికెట్ కామెంటరీలా మొదలుపెట్టాడు. "ఇన్సూరెన్సోళ్లు ఫోటో అడుగుతున్నరు. ఇది మూడోసారి. పెండ్లికి ముందు మా అత్తగారు గూడ నా ఫోటో ఇన్నిసార్లు అడగలే!"

శ్రీవల్లి పడీపడీ నవ్వింది. రెండు గంటలు, మూడు ఛాయ్‌లు, నాలుగు జవాబు ఉత్తరాలు అయ్యాక బయటపడ్డారు. వీధి మలుపులో గిరిజ ఠక్కున ఆగిపోయింది.

"ఓటు అడగలేదు భాయ్!"

"అరే! రేపొచ్చి అడుగుదాం."

మర్నాడు వెళ్తే ఇంకో రెండు కవర్లు వచ్చి ఉన్నాయి.

అవతల విక్రాంత్ అనే ప్రత్యర్థి సమోసాలు పంచుకుంటూ మూడు హాస్టళ్లు చుట్టేశాడు. గిరిజకు మిగిలిన ఆశల్లా గురువారం మధ్యాహ్నం యూనివర్సిటీ హాల్లో అభ్యర్థుల ప్రసంగాలే. "భాయ్, దయచేసి దారిలో ఏ పోస్టుడబ్బా వంకా చూడకండి," అని బతిమాలుకుంది.

గురువారం హష్మత్ భాయ్ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. గిరిజ స్టేజీ ఎక్కి, ఇద్దరి ప్రసంగాలూ ఒక్కతే చెప్పి, నిప్పులు కక్కుతూ ఆయన ఇంటికి వెళ్లింది.

భార్య సదియా తలుపు తీసింది. "అభినవ్ అనే పిల్లగాని వీసా టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఇయ్యాలే పన్నెండింటికట. మూడు వారాల నుంచి కవరే చింపలేదు. ఈయన పొద్దున చూసి వాణ్ని గుంజుకపోయిండు."

గిరిజ లోపలికి అడుగుపెట్టింది. ఫ్రిజ్ మీద బుట్టెడు కవర్లు. ఒక్కటీ చింపలేదు. అన్నిటిమీదా హష్మత్ పేరే.

"ఇవేమిటి వదినా? మరి ఆయన జబ్బు?"

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు! సొంత కవరు చూస్తే ఆయనకు చెమటలు. అన్నీ నేనే చింపాలె." సదియా గొంతు తగ్గించింది. "చదువుకోనీకి వచ్చిన కొత్తల భయపడి ఉత్తరాలన్నీ ఓవెన్ల దాచిండు. ఎవర్నన్న అడుగుదామంటే సిగ్గు. ఓ టెర్మిన్ తప్పిపోయి ఆర్నెల్ల చదువు పాయె. గీ పిల్లలు గూడ నోరు తెరిచి అడగరు గిరిజా. అందుకే జబ్బు తనకే ఉన్నదని చెప్పుకుంటడు. అప్పుడు వాళ్లకు సిగ్గెందుకు?"

ఇంతలో హష్మత్ భాయ్, ఆయన వెనకాల మొహం వెలిగిపోతున్న అభినవ్ వచ్చారు. "వీసా అయిపోయింది చెల్లె! మీటింగ్ ఎట్లయింది?"

దారంతా కూర్చుకున్న తిట్లలో గిరిజకు ఒక్కటీ గుర్తు రాలేదు. "బాగానే అయింది భాయ్," అంది. "మీకు ఆరోగ్యం బాలేదని చెప్పాను."

ఫలితాల్లో గిరిజ గెలిచింది. హష్మత్ భాయ్ నాలుగంటే నాలుగు ఓట్లు తక్కువై ఓడిపోయాడు. ఆ నాలుగూ ఎక్కడ పోయాయో మర్నాడే తెలిసింది. ఇద్దరూ వెళ్లిన ఒక ఫ్లాట్‌లో ఉండే నలుగురు కుర్రాళ్లు, పోస్టులో వచ్చిన ఓటు పత్రాల కవర్లు అసలు చింపనే లేదు.

"మీరొచ్చి చింపుతారని దాచిపెట్టాం భయ్యా," అన్నాడు వాళ్లలో అఖిల్ తల గోక్కుంటూ.

హష్మత్ భాయ్ గోడకు జారబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. ఆ కవర్ల కింద ఇంకో దొంతర కనబడేసరికి నవ్వు ఆపి చెయ్యి చాచాడు.

అప్పటికే గిరిజ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"జరగండి భాయ్," అంది, చూపుడువేలు కవరు అంచులో దూరుస్తూ. "నాకూ అంటుకుంది."