కేకలవలస

నా చిన్నప్పుడు మా ఊరికి రెండు పేర్లుండేవి. తాలూకా కచేరీ కాగితాల్లో ఎవరో జమీందారు పేరు మీద ఒక పురం. మా నోళ్లలో మాత్రం కేకలవలస. ఇచ్ఛాపురం దాటాక ఏటికి ఈవల మేము, ఆవల ఒరిస్సా. మా చుట్టాలూ ఆవలే, సంతా ఆవలే.

అరవైల చివర్లో ఒక వానాకాలం మా నాన్న, పక్కింటి అక్క పెనిమిటి కలిసి బండి కట్టుకుని ఆ సంతకు వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చే వేళకు ఏరు పొంగింది. మర్నాడు మా బండి చక్రం ఒకటి కొట్టుకొచ్చి రేవులో ఆగింది. దాన్ని చూసి అమ్మ కూలబడిపోయింది. ఇంటి నిండా శోకాలు. అక్క మాత్రం ఏడవకుండా, గడపలో కూర్చుని ఏటి వైపే చూస్తోంది. నాన్న లేకుండా ఎలా బతకాలో నాకు తోచలేదు.

మా తాతయ్య అసలే కోపిష్టి. లోపలికొస్తూనే విరుచుకుపడ్డాడు. "ఆపండర్రా! ఒడ్డు కాడ కేకెయ్యకుండానే సచ్చిపోనారని మీకెవులు సెప్పినారు?"

అది మా ఊరి కట్టుబాటు. కేక వేసి, బదులు కోసం ఆగకుండా ఎవరి కోసమూ ఏడవకూడదు. నన్ను రేవుకు నడిపిస్తూ అదెక్కడి నుంచి వచ్చిందో చెప్పాడు. ఎప్పుడో కరువులో మావాళ్లు వలస వస్తూ ఈ ఏరు దాటారట. ఇవతలికి చేరి పేరుపేరునా పిలిస్తే కొందరు పలకలేదట. వాళ్లను వదిలి పోవడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. కేకలేస్తూ అక్కడే పాకలు వేసుకున్నారు. ఆ పాకలే మా ఊరయ్యాయి.

రేవులో నేను "నాన్నా" అని అరిచాను.

"పేరెట్టి పిలవే. నీ నాన్నెవులో అవతలోల్లకి తెలవొద్దేటి?"

అమ్మ పిలవలేదు. మొగుడి పేరు ఆడదాని నోట రాకూడని రోజులవి. తాతయ్య ముసలి గొంతు ఏరు దాటదు. అందుకే ఆ పని నా మీద పడింది. గొంతు పోయేదాకా నాన్న పేరు పెట్టి అరిచాను. ఏటి హోరు తప్ప ఇంకేమీ లేదు. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే రేవుకు చేరారు.

పొద్దు వాలుతుండగా అవతలి గట్టున ఎవరో మనిషి రెండు చేతులూ ఎత్తాడు. నాన్న పేరు చెప్పి, "అచ్ఛి! అచ్ఛి!" అని అరిచాడు. "ఉన్నాడట" అంటూ తాతయ్య ఇసుకలో కూర్చుండిపోయాడు.

అమ్మకు చెబుదామని పరుగు తీయబోతే జడ పట్టుకుని ఆపాడు.

"ఒలే, మీ అయ్య పలికినాడు. ఆ బావ ఇంకా పలకనేదు. కేకెయ్యి."

ఈసారి బావ పేరు పెట్టి అరిచాను. అవతలి మనిషి చేతులు ఎత్తలేదు. మళ్లీ అరిచాను. అప్పుడు అక్క మెల్లగా వచ్చి నా పక్కన నిలబడింది. పెళ్లయ్యాక మొదటిసారి, ఊరందరి ముందూ, ఆ పేరు పెట్టి కేక వేసింది.

వరద తీశాక నాన్న వచ్చాడు. బావ రాలేదు. ఆ వానాకాలమంతా సాయంత్రాలు ఊరు అక్కతో పాటు రేవులో నిలబడింది.

ఇప్పటికీ గాలివాన రోజున నా పిల్లలంతా ఇల్లు చేరాక కూడా నేను తలుపు వెయ్యలేను. వీధిలో ఇంకా ఎవరు రాలేదో కనుక్కుంటాను. ఈ ముసలిదానికి చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ. మాది కేకలవలస.