ఖాళీ విమానంలోంచి "చాలూ" అన్నదెవరు?

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయే రకం నేను. నవ్వొచ్చేది, కొంచెం చిరాకు కూడా వేసేది. బతుకంతా ఇంజిన్లతో గడిపినవాణ్ణి. అది దగ్గినా, ఆగినా, పొగ కక్కినా దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అని నా నమ్మకం. ఒక్కదానికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట పోయే తోవలో ఒక విమానాల మైదానం ఉండేది. అక్కడ కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పేవారు. రెండు జతల రెక్కలు, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, ముందు ఒక కట్టె పంకా, అంతే విమానమంటే. నేను అక్కడ ఇంజిన్ మెకానిక్‌ని. మాది మేడ్చల్. పనికి దగ్గరని శామీర్‌పేటలో మా అక్క రూతమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి.

నాకు ఆ పని ఇప్పించింది, నేర్పింది మా బావ దేవసహాయం. ఆయనా అక్కడే మెకానిక్. పొద్దున్నే చెరువు మీది గాలి వీపుకు తగులుతుంటే ఇద్దరం సైకిళ్లు తొక్కుకుంటూ పోయేవాళ్లం. దారి పొడుగునా నన్ను ఆటపట్టించేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే శ్రుతి ఎక్కడో, ఆయన ఎక్కడో. ఇంజిన్ చప్పుడులో మాత్రం చిన్న తేడా వచ్చినా ఇట్టే పట్టేసేవాడు. ఆ పొద్దులు మళ్లీ రావు. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అక్కడికే పోతుంది.

ఆ విమానాల ఇంజిన్‌ను తలకిందులుగా బిగించేవారు. నిలబెట్టి ఉంచితే నూనె మెల్లగా సిలిండర్ల తలల్లోకి దిగి కూర్చునేది. అలాగే చాలూ చేస్తే ఇంజిన్ పాడవుతుంది. అందుకని ముందు పంకాను చేత్తో పట్టుకుని నిదానంగా తిప్పాలి. ఆ సమయంలో స్విచ్ బంద్‌లో ఉండి తీరాలి. లేకపోతే లోపల నిప్పురవ్వ పుట్టి ఇంజిన్ ఒక్కసారిగా అందుకుంటుంది. పంకా ముందు నిలబడ్డవాడి చేయి పోతుంది, ఒక్కోసారి తలే పోతుంది. బావ ఎడమచేతికి రెండు వేళ్లు అలా పోయినవే.

అప్పటినుంచి ఆయన ఒక ఆచారం పెట్టుకున్నాడు. పంకా మీద చేయి వేసేముందు "బందా?" అని గట్టిగా అడగాలి. సీట్లో ఉన్నవాడు స్విచ్ చూసి, ఆపి ఉంటే "బంద్" అనో, వేసి ఉంటే "చాలూ" అనో చెప్పాలి. సీట్లో ఎవరూ లేకపోయినా సరే, ముందు స్విచ్ కళ్లారా చూసి వచ్చి, "బందా?" అని అడిగి, మనమే "బంద్" అని పైకి చెప్పుకోవాలి.

"ఖాళీ సీటును అడుగుడేంది బావా, మనల్ని పిచ్చోళ్లనుకుంటరు" అన్నాను కొత్తలో.

"అనుకోనియ్ బామ్మర్దీ. జవాబు రానిదే చెయ్యి వెయ్యకు. నీగ్గూడ ఎనిమిది వేళ్లే మిగిలితే మా అత్త నన్ను బతకనిస్తదా?"

ఆ వానాకాలం బావకు చలిజ్వరం పట్టుకుంది. మంచం దిగలేకపోయాడు. నేనొక్కణ్ణే పనికి పోతున్నాను. మేడ్చల్‌లో నా పెళ్లి ఖాయమైంది. పిల్ల తరఫువాళ్లు నన్ను చూసి కాదు, చేతిలో పని ఉందని చూసి ఒప్పుకున్నారు.

ఒక మధ్యాహ్నం వాన వెలిసి ఎండ కాసింది. సాయంత్రం ఎగరాల్సిన విమానమొకటి సిద్ధం చేయమన్నారు. కాస్త దూరంలో యాదగిరి అనే తోటి పనివాడు, నీటిచుక్క మిగలకుండా పెట్రోలును మెత్తటి తోలుగుడ్డలో వడపోస్తున్నాడు. నేను చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాను. రెండు సీట్ల దగ్గరి స్విచ్చులూ చూశాను. రెండూ కిందికే ఉన్నాయి, అంటే బంద్. ముందుకొచ్చి, పంకా మీదికి చేయి ఎత్తుతూ అలవాటుగా "బందా?" అన్నాను.

"చాలూ!"

సీట్లోంచే వచ్చింది. బావ గొంతు. కొంచెం బొంగురుపోయి ఉంది గాని, ఆ గొంతును నేను పోల్చుకోలేకపోవడమా! వెనక్కి దూకాను. పోయి రెండు సీట్లలోకీ తొంగి చూశాను. ఎవరూ లేరు. స్విచ్చులు కిందికే ఉన్నాయి.

"ఏమైందిరా, పామొచ్చిందా?" అని యాదగిరి కేకేశాడు.

"ఎవరో చాలూ అన్నరు. నీకు ఇనబడలేదా?"

"నువ్వు బందా అన్నది ఇనబడ్డది. గంతే. నీగ్గూడ జరమొచ్చిందేమో సూసుకో."

రేకుల షెడ్డుకు తగిలి తిరిగొచ్చిన శబ్దం అనుకుందామంటే, నా "బందా" తిరిగి రావాలి గాని "చాలూ" ఎలా వస్తుంది?

మళ్లీ పంకా ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. యాదగిరి చూస్తుంటే సిగ్గేసింది. ఏదో ఒక పని చేస్తున్నట్టు ఉండాలి కదా అని ఇంజిన్ మూత విప్పాను. రవ్వ పుట్టించేదాన్ని మ్యాగ్నెటో అంటారు. దాని నుంచి స్విచ్‌కు ఒక తీగ పోతుంది. స్విచ్ బంద్ చేస్తే కరెంటు ఆ తీగ దారిన పోయి రవ్వ పుట్టదు. అదే తీగ తెగితే, స్విచ్ బంద్ అని చూపిస్తూనే ఉంటుంది, లోపల మాత్రం ఇంజిన్ అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. బ్యాటరీ, బల్బు పెట్టి ఆ తీగను పరీక్షించాను. బల్బు వెలగలేదు. పైన గుడ్డ తొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి తెగిపోయి ఉంది.

చక్రం పక్కన తడిగడ్డిలోనే కూలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ప్రాణభయం అలాంటిది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి, నేను నోరు తెరవకముందే అక్క అందుకుంది.

"మీ బావ ఇయ్యాల నన్ను హడలగొట్టిండు తమ్మీ. మధ్యానం జావ తాపిస్తాంటె, కండ్లు మూసుకొనే గిన్నె తోసేసి 'చాలు!' అని ఒక్కటే కేక. ఒళ్లంత చెమట. గప్పటిసంది జరం దిగింది."

జావ చాలన్నాడా, ఇంజిన్ చాలూ అన్నాడా? తేడా చివర్లో కాస్త సాగదీతే. నేను మైదానంలో విన్నదైనా ఏమిటి? స్విచ్ చాలూలో ఉందనా, ఇక చాలు, చెయ్యి తియ్యమనా? ఇప్పుడు ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను. ఏదైనా నా చేయి నాకు దక్కింది.

బావ లేచి కూర్చున్నాక అంతా చెప్పాను. పడీపడీ నవ్వాడు.

"మీ అక్క జావల ఉప్పెయ్యలే బామ్మర్దీ, గందుకే చాలన్న. మధ్యల నువ్వెందుకు ఇన్నవు?"

అలా నవ్వుతూనే నా కుడిచేతిని దగ్గరికి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

నా పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆ చేతులతోనే ఎత్తుకున్నాను. ఆ మధ్యాహ్నానికి మాత్రం ఇన్నేళ్లయినా నా దగ్గర కారణం లేదు. జ్వరమంటే నాకు రాలేదు. చెవి పొరబాటంటే తీగ నిజంగానే తెగి ఉంది.

ఎన్నో ఏళ్లకు బావ పోయాడు. సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. నా వంతు వచ్చింది. మన్ను పట్టుకుని, పెదవి కదపకుండా "బందా బావా?" అని అడిగాను. ఆగాను. వెనకవాళ్లు జరగమంటున్నారు. జవాబు రానిదే చెయ్యి వెయ్యొద్దన్నది ఆయనే కదా.

ఇంటికొచ్చాక, కడుక్కొమ్మని అక్క నీళ్లిచ్చేదాకా ఆ మన్ను నా పిడికిట్లోనే ఉంది.